సముద్రానికి విత్తనం

మా తమ్ముడు సుబ్బయ్య నాకు ఫోన్ చేసేది రెండే సందర్భాల్లో. ఊళ్లో ఎవరైనా పోయినప్పుడు, లేదా వాడికీ వాడి భార్యకూ మాటామాటా పెరిగి మూడో మనిషి తీర్పు కావలసి వచ్చినప్పుడు. మొన్న చలికాలంలో ఒకరోజు పొద్దున్నే వాడి పేరు కనిపించగానే, మొదటిదే అయివుంటుందని కుర్చీలో కూర్చుని మరీ ఫోన్ తీశాను. కాదు, రెండోదే. పాత మట్టిమిద్దె పడగొట్టి స్లాబు వేయించుకుంటున్నారు. అటక మీది సామాను దించుతుంటే ఒక చిన్న కుండ దొరికిందట. మూతకు పేడ అలికి, పైన గుడ్డ కట్టి ఉందట. మా మరదలు బంగారమేమోనని ఆశపడి విప్పింది. "బంగారం లేదు, గింగారం లేదక్కా. బూడిద. బూడిదలో ఎండిపోయిన చేపలు రెండుండాయి. ఈమె పారెయ్యమంటాది. జేజిది గదా, ఎట్ల పారేసేదని నేనంటాండా. నువ్వే చెప్పు," అన్నాడు. వెనక నుంచి మా మరదలు, "ఎండుచేపలకు జేజేంది, తాతేంది వదినా! పురుగు పడతాది!" అని అరుస్తూనే ఉంది.

పారేయొద్దని చెప్పి, ఆరోజే మైదుకూరులో బస్సెక్కాను. బద్వేలులో దిగి, ఆటో పట్టుకుని మా ఊరు చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. ఇంటి ముందు దూలాలు, వాసాలు పేర్చి ఉన్నాయి. కుండను వేపచెట్టు కింద, ఎవరి కాలికీ తగలకుండా పెట్టాడు సుబ్బయ్య. నేను నేల మీద కూర్చుని బూడిదలో వేళ్లు పెట్టాను. పొడిపొడిగా నలిగిన వేపాకు, మెత్తటి బూడిద, దాని కింద గట్టిగా రెండు కట్టెముక్కల్లాంటివి. బయటికి తీసి ఊదాను. జానెడు పొడుగున్న సొరచేప పిల్లలు. ఒకదాని తోక కొస విరిగింది. మిగతాదంతా, ఆశ్చర్యంగా, అట్లాగే ఉంది. చాలా ఏళ్లుగా ఈ కుండ నాకు గుర్తే రాలేదు. నా చేతిలో వాటిని చూసుకుంటూ నేను సిగ్గుపడ్డాను. ఎందుకు సిగ్గుపడ్డానో చెప్పాలంటే మా జేజి గురించి చెప్పాలి.

జేజి అంటే మా నాయనకు అమ్మ. పొట్టి మనిషి, నోట్లో ఎప్పుడూ వక్కాకు, ఇంట్లో అందరి మీదా అజమాయిషీ. కానీ ఆమె అసలు రాజ్యం నడిపింది వంటింటి పక్కనున్న చీకటి గదిలో. అక్కడ విత్తనాల కుండలుండేవి. కొర్ర, జొన్న, సజ్జ, కంది, అలసంద, అనుములు, ఆముదాలు, ఇంటెనక పందిరికి పాకించే కాకర, బీర. పంట కళ్లం చేరకముందే జేజి చేనులోకి పోయి, మంచి వెన్నులను తానే ఏరుకుని వచ్చేది. ఎండబెట్టి, ఒక గింజను పంటి కింద పెట్టి కొరికేది. టక్కుమనే శబ్దం వస్తే ఎండినట్టు. మెత్తగా నలిగితే మళ్లీ ఎండలోకి. తర్వాత జల్లించిన బూడిద, వేపాకు కలిపి కుండలో పోసి, మూత పెట్టి పేడతో అలికేది. ఆ గదిలోకి పోతే బూడిద వాసన, పేడ వాసన, వేపాకు చేదు కలిసి గొంతులో పట్టుకునేవి. ఇప్పటికీ ఎక్కడైనా ఎండిన వేపాకు తొక్కితే నాకు ఆ గదే గుర్తొస్తుంది.

ఊళ్లో ఎవరి విత్తనం పుచ్చిపోయినా, ఎలుకలు తిన్నా, జేజి దగ్గరికి వచ్చేవాళ్లు. విత్తనం అడిగినవాళ్లను లేదని పంపకూడదు. అది ఆమె మొదటి నియమం. రెండోది, విత్తనాన్ని చేతికి ఇయ్యకూడదు, ఒడిలో పోయాలి. వచ్చినామె కొంగు పట్టి నిలబడితే జేజి రెండు చేతులతో పోసేది. పోసి, "పండినప్పుడు మాకూ చెప్పి పంపుమే," అనేది. వాళ్లు తిరిగి ఇచ్చినా ఇయ్యకపోయినా ఆమె పట్టించుకోలేదు గానీ, పండిందన్న కబురు రాకపోతే మాత్రం మనసు కష్టపెట్టుకునేది. "ఎల్లమ్మ కంది ఎట్లయ్యిందో ఏమో, ఒక మాట చెప్పకపాయె," అని నెల రోజులు సణిగేది.

మా నాయన చిన్నప్పుడు పెద్ద కరువొచ్చిందట. గాదెలు ఊడ్చుకున్నాక మా అబ్బ, అంటే జేజి మొగుడు, కొర్రవిత్తనం కుండ దించమన్నాడట, పిల్లలు ఆకలితో ఏడుస్తున్నారని. జేజి కుండను ఒడిలో పెట్టుకుని గది గడపలో కూర్చుంది. బలుసాకు ఉడకబెట్టి పిల్లలకు పెట్టింది గానీ కుండ మీద చేయి వేయనీయలేదు. అబ్బ ఆమె మీద చేయెత్తాడని కూడా చెప్పుకునేవాళ్లు. ఆ తర్వాతి ఏడు వాన పడినప్పుడు ఊరి మొత్తం మీద కొర్ర విత్తింది మా చేనులోనే. ఈ కథ జేజి ఎన్నడూ చెప్పలేదు, అబ్బే చెప్పేవాడు, ప్రతిసారీ కొంచెం కొత్తగా.

ఇక సముద్రం సంగతి. మా ఇంట్లో సముద్రం చూసినవాళ్లు ఒక్కరూ లేరు. మాకు అది గోతంలో వచ్చేది. బద్వేలులో ఉండే మస్తాన్ మామ లారీలో శెనక్కాయలు వేసుకుని, కొండలు దాటి నెల్లూరు దిక్కు సముద్రపు ఊళ్లకు పోయేవాడు. తిరుగుదారిలో ఎండుచేపల గోతాలు. సంత ముగిసిన మరునాడు సైకిల్ వెనక గోతం కట్టుకుని మా ఊరొచ్చేవాడు. ఆయన వీధి మలుపు తిరగకముందే వాసన తిరిగేది. మా పిల్లిని పట్టుకోవడానికి ఇద్దరం కావలసి వచ్చేది. జేజి చేట పట్టుకుని వాకిట్లో కూర్చుంటే, మామ గోతం మూతి విప్పి, అడుగునున్న కలగలుపు రాశిని చాప మీద పోసేవాడు. ఏరిన రకాల కంటే కలగలుపు చవక. కానీ జేజి దానిని కొన్నది చవకని కాదు. దాంట్లో ఎన్నెన్ని రకాలో చూడాలని. గింజలు ఏరినట్టే చేటలో పోసుకుని ఒక్కొక్కటే పక్కకు తీసేది. నెత్తళ్లు, సావిళ్లు, కానాగంతలు, గులివిందలు, రెక్కలు విప్పి ఎండిన టేకుచేప, పేరు తెలియనివి ఎన్నో. పేరు మామకు తెలిస్తే చెప్పేవాడు. తెలియకపోతే జేజే పెట్టేది. నుదుటి మీద నిలువు చారలున్నదానికి నామాలచేప అని, మూతి ముందుకు పొడుచుకు వచ్చినదానికి మా మేనత్త పేరు పెట్టింది. ఒకసారి నేను ఆ పేర్లన్నీ పలక మీద రాయడం మొదలుపెడితే పలక ఒకవైపు నిండి, వెనక్కి తిప్పి రాయవలసి వచ్చింది.

"కట్ట యాపక్కుంటాదిరా మస్తానూ, ఆ సముద్రానికి?" అని ఒకసారి అడిగింది జేజి.

"కట్ట లేదు పెద్దమ్మా," అన్నాడు మామ.

"కట్ట లేకుంటే నీళ్లెట్ల నిలుస్తాయి? అబద్ధాలు చెప్పాకు."

మామ తల గోక్కున్నాడు. చెరువులు తప్ప ఎరగని మనిషికి సముద్రం ఎట్లా నిలబడిందో చెప్పడం ఆయనకు చేతకాలేదు. "దేవుడు కట్టినాడులే పెద్దమ్మా, మనకు కనపడదు," అని తప్పించుకున్నాడు. జేజికి ఆ జవాబు నచ్చింది.

అన్ని చేపల్లోకీ జేజి సొరకు పెద్దపీట వేసేది. నేను పుట్టినప్పుడు మా అమ్మకు పాలు పడలేదు. ఆవుపాలు పట్టిస్తే నేను కక్కేశాను. నేను దక్కనని అందరూ అనుకున్నారట. అప్పుడు మస్తాన్ మామ చేయి లావు పాలసొర ముక్క తెచ్చిచ్చాడు. కత్తిపీటకు తెగకపోతే అబ్బ కొడవలితో కోశాడట. బాలింతకు సొర వండిపెడితే పాలు ఊరతాయని మావాళ్ల నమ్మకం. మూడు పూటలు తిన్నాక మా అమ్మకు పాలు పడ్డాయి. ఈ కారణంగా జేజి, నేను ఎదురు చెప్పినప్పుడల్లా, "నువ్వు తాగింది మీ అమ్మ పాలు కాదులే, సొర పాలు. అందుకే నోరు అట్లుంటాది," అనేది. అప్పటి నుంచి ఇంట్లో ఎప్పుడూ ఒక సొరముక్క ఉట్టిలో వేలాడుతూ ఉండేది. వీధిలో ఎవరికి కాన్పయినా, వాళ్లు మాతో మాట్లాడుతున్నా మాట్లాడకపోయినా, జేజి ఆ ముక్కలో కొంత కోసి పంపేది. మా వీధిలో నా ఈడు పిల్లలు చాలామంది ఆ లెక్కన సొర పాలు తాగినవాళ్లే. దూరాన ఉన్న సముద్రం, మేం ఎవరమూ చూడనిది, మా కరువు ఊళ్లో పసిబిడ్డలను సాకింది.

నేను హైస్కూలుకొచ్చేసరికి చేటలో తేడా కనపడింది. మొదట జేజికే కనపడింది, ఏరేది ఆమె కాబట్టి. నామాలచేప రావడం మానేసింది. మా మేనత్త పేరు పెట్టినది అప్పుడప్పుడు వచ్చేది, తర్వాత అదీ లేదు. కానాగంతలు అరచేతి నుంచి మూడు వేళ్లకు దిగాయి. ఏరడానికి పట్టే సమయం తగ్గిపోయింది. ఒకరోజు జేజి చేట పక్కన పెట్టి, వేలెడంత లేని చేపపిల్లలను గుప్పిట్లోకి తీసుకుని మామను నిలదీసింది.

"ఇవేందిరా? తల్లులు యాడ?"

"పెద్ద పెద్ద మరబోట్లు వచ్చినాయి పెద్దమ్మా. దోమతెర మాదిరి వలలు. సముద్రం అడుగంటా గీకి తెచ్చాండారు. పెద్దదా చిన్నదా అని చూసేది ల్యా. ఈ పిల్లలనైతే కోళ్లమేతకు లారీలు లారీలు తోల్తాండారు."

"గుడ్డు పెట్టకముందే పట్టుకుంటే మల్లేటికి ఏం పట్టుకుంటారు?"

మామ నవ్వాడు. "సముద్రం పెద్దమ్మా అది. తవ్వి తీసినా ముగిసేది కాదు."

"గాదె ఎంత పెద్దదైతే ఏమిరా, ఇత్తనం తీసిపెట్టకుంటే! వాళ్లు ఇత్తనాలు వండుకుంటాండారు," అంది జేజి. చేపపిల్లలను మళ్లీ గోతంలో పోసింది. ఆరోజు నుంచి ఆమె చిన్నచేప కొనలేదు, ఇంట్లో వండనీయలేదు. పెద్దవి దొరికిన వారమే మాకు ఎండుచేపల పులుసు. లేని వారం సంగటిలోకి ఊరిబిండి పచ్చడే. మా నాయన విసుక్కునేవాడు, మా అమ్మ చాటుగా నవ్వేది. వీధిలో ఆడవాళ్లు, "పెద్దమ్మ సముద్రానికి కాపలా కూర్చున్యాది," అని ఎగతాళి చేసేవాళ్లు. సముద్రం దాకా పోయి వచ్చే మామకు, పేపర్ చదివే మా నాయనకు తట్టనిది ఆమెకెట్లా తట్టిందని నేను ఇప్పుడనుకుంటాను. సముద్రానికి కరువు రాదని మిగతా అందరం నమ్మాం. కరువు ఎట్లా మొదలవుతుందో ఇంట్లో కూర్చుని చూసినామె ఆమె ఒక్కతే.

నేను జంతుశాస్త్రంతో డిగ్రీ చదివాను. ఊరికి మొదటి ఆడగ్రాడ్యుయేట్‌ని, ఆ పొగరు నాకు నిండుగా ఉండేది. పెళ్లయి, తొలి కాన్పుకు పుట్టింటికొచ్చాను. పాప పుట్టింది. నాకూ మా అమ్మ కథే. రెండో రోజు పోయి, నాలుగో రోజు వచ్చింది, పాలు లేవు. డబ్బాపాలు పాపకు పడలేదు. తాగినవి తాగినట్టే కక్కేది. దాని ఏడుపు రోజురోజుకు సన్నబడుతుంటే నేను గోడకేసి తిరిగి పడుకునేదాన్ని. ఉట్టిలో సొరముక్క ఏనాడో అయిపోయింది. జేజి సుబ్బయ్యను బద్వేలు తరిమింది. మస్తాన్ మామ ఆ వారం శెనక్కాయల లారీ కూడా లేకుండా, కేవలం నా కోసం, సొర కోసం సముద్రపు ఊళ్లు తిరిగాడు. పోయిన మూడో రోజు మధ్యాహ్నం ఒక కాగితప్పొట్లంతో వచ్చి వాకిట్లో కూర్చున్నాడు. మంచం మీద నుంచి నాకు వాకిలి కనపడుతూనే ఉంది.

"ఎనిమిది ఊర్లు తిరిగినా పెద్దమ్మా. తల్లిసొరలు లేవు. ఇవే దొరికినాయి."

పొట్లంలో జానెడు పిల్లలు, పదో పన్నెండో. పుట్టి ఎన్నో రోజులు కానివి. జేజి వాటిని చేటలో పరిచింది. నోట్లో వక్కాకు నమలడం ఆగిపోయింది. లోపల పాప ఏడుస్తోంది. అది ఏడుపు కూడా కాదు, చిన్నగా మూలుగుతోంది. జేజి చేటను చూసింది, నా గది వైపు చూసింది. కరువులో కొర్రకుండను ఒడిలో పెట్టుకుని కూర్చున్నప్పుడు కన్నబిడ్డల ఏడుపుకు కూడా కరగని మనిషి ఆమె. ఎంతసేపు కూర్చుందో తెలియదు.

చివరికి, "వీట్లో మొగది యాది, ఆడది యాది, నీకు తెలుసునా?" అని అడిగింది.

"తెలుసు పెద్దమ్మా, బెస్తోళ్లు చెప్పినారు. మొగదానికి పొట్టకింద రెండు పుల్లల మాదిరి ఉంటాయి."

"ఒక జత తియ్యి."

మామ వెతికి ఒక జత తీసి పక్కన పెట్టాడు. మిగతావాటిని జేజి తీసుకుని లేచింది. వేడినీళ్లలో వేసి, గరుకు తోలు గీకి, ఉడకబెట్టి, ముల్లు లేకుండా చిదిపి, వెల్లుల్లి, మిరియాలు వేసి పొడిగా వేయించింది. తానే గిన్నెలో పెట్టుకొచ్చింది. "తిను," అంది, నా వైపు చూడకుండా. ఎప్పుడూ నోట్లో వేసుకుని ఉప్పు చూసే మనిషి, ఆరోజు వేలితో కూడా ముట్టలేదు. ఉప్పు ఎక్కువైంది. నేను అట్లాగే తిన్నాను. ఆమె కళ్లల్లో నీళ్లున్నాయి, పొగకేమో అనుకున్నాను. పొయ్యి ఆర్పి చాలాసేపయిందని తర్వాత ఎప్పుడో తట్టింది.

మరునాటికి పాలు పడ్డాయి. సొర వల్ల పడ్డాయా, వాటంతట అవే పడేవా, నా జంతుశాస్త్రం ఏమంటుందో నాకు తెలుసు. కానీ ఆ విషయం తేల్చడానికి నాకు ఇష్టం లేదు. పాప కడుపునిండా తాగి నిద్రపోతుంటే, జేజి నా మంచం పక్కనే కూర్చుని చిన్న కుండలో బూడిద పోయడం మొదలుపెట్టింది. వేపాకు వేసింది. పక్కన పెట్టిన జతను తెచ్చి బూడిదలో పడుకోబెట్టింది.

నేను పకపకా నవ్వాను. "ఏం జేజీ, మొలుస్తాయా?"

"చెరువు మూడేండ్లు ఎండె. నేల బీటలిచ్చె. వాన పడి నిండినాక నెలకు చేపలెట్ల వచ్చె? ఎవురన్నా తెచ్చి ఏసినారా?" అంది ఆమె. "మట్టిలో ఇత్తనం ఎండి కూర్చోనుంటాది. నీళ్లు తగిలితే లేచ్చాది."

"అది వేరు జేజీ. ఇవి ఉప్పులో ఊరి, ఎండి చచ్చినవి. పైగా సొర గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. అయినా ఇవెవరికి దాస్తాండావు?"

"సముద్రమోళ్లు అడిగితే ఇయ్యల్ల గదా."

సముద్రం ఒడ్డున ఉండేవాళ్లు, వెతుక్కుంటూ వచ్చి, బద్వేలు పక్కన ఎండిపోయిన ఊళ్లో, మా జేజిని చేపలు అడుగుతారట! నాకు నవ్వు ఆగలేదు. కాన్పు కుట్లు లాగేదాకా నవ్వాను. మా అమ్మను పిలిచి చెప్పి ఆమెనూ నవ్వించాను. జేజి పేడ తెచ్చి మూత చుట్టూ వేళ్లతో నిదానంగా అలికింది. "ఒకనాటికి అడుగుతారు," అని మాత్రం అంది. నా బిడ్డను బతికించడానికి తన జీవితమంతా చేయని పని చేసి, దానికి తనకు తెలిసిన పరిహారం ఏదో ఆమె చేసుకుంటోంది. ఆ వయసులో నాకది అర్థం కాలేదు. అర్థం కాకపోవడమే కాదు, తర్వాత కొన్నేళ్లు ఈ ముచ్చటను నలుగురిలో చెప్పి నవ్వించేదాన్ని కూడా. ఆమె పోయాక కుండలన్నీ అటకెక్కాయి. నాకు సైన్సు టీచరు ఉద్యోగమొచ్చింది. జీవవైవిధ్యం పాఠం ఎన్ని ఏళ్లు చెప్పానో లెక్క లేదు. బోర్డు మీద ఆహారపు గొలుసు బొమ్మ గీసి, పిల్లలతో వల్లె వేయించాను. ఒక్కసారి కూడా జేజి చేట గుర్తు రాలేదంటే నా చదువు మీద నాకే కోపమొస్తోంది.

సుబ్బయ్య ఇంటి నుంచి ఆరోజే కుండను ఒడిలో పెట్టుకుని, బద్వేలులో మస్తాన్ మామ కొడుకు కొట్టుకు పోయాను. మామ పోయి చాలా కాలమైంది. కొట్లో రెండు తట్టల నెత్తళ్లు, ఒక తట్ట రొయ్యపొట్టు, అంతే. పక్కన కోళ్ల మాంసం, అసలు వ్యాపారం అదే. పలక నిండా రాసిన పేర్లలో ఒక్కదానితో సరి. సొర ఉందా అని అడిగితే ఆ అబ్బాయి నన్ను వింతగా చూశాడు. "సొరనా ఆంటీ? మా నాయన చెప్తాంటే ఇన్యా. నేను అమ్మింది ల్యా." వాళ్ల నాయన చేపలు కొన్న ఊరి పేరు మాత్రం చెప్పాడు.

ఆ ఆదివారం అక్కడికి నన్ను మా కూతురు సరళ తీసుకుపోయింది. ఆ సొరపిల్లలను తిన్న నా పాలు తాగిన బిడ్డ. ఇప్పుడు బ్యాంకులో ఆఫీసరు, నా కంటే పెద్దమనిషిలా మాట్లాడుతుంది. కారులో కుండను సీటు బెల్టుతో కట్టి, "ముత్తవ్వ చేపలకు ఇన్సూరెన్సు చేయించమంటావా అమ్మా," అని కొండలు దిగేదాకా ఆటపట్టించింది. నేను అప్పుడు చెప్పాను, అవి ఏ రోజున కుండలోకి పోయాయో, మిగతావి ఏమయ్యాయో. ఆ తర్వాత అది కారు నెమ్మదిగా నడిపింది.

ఆ ఊరు చేరేసరికి ఉదయం పదిన్నర అయింది. సముద్రం ప్రశాంతంగా ఉంది. కట్ట ఏ పక్కనా కనపడలేదు. ఇసుక మీద పాత వల పరిచి, ఒక ముసలామె నెత్తళ్లు ఎండబెడుతోంది. పేరు ఆదెమ్మ అని చెప్పింది. వల నిండా నెత్తళ్లే, ఇంకో రకం లేదు. ఇదివరకు ఇక్కడ ఎన్ని రకాలు ఎండేవని అడిగితే, చేతిలో పనాపకుండా చెప్పింది. "అప్పుడు వల దులిపితే ఏరడానికే పొద్దు పోయేది తల్లీ. ఇప్పుడు ఏరేదేముంది? నడిసముద్రం దాకా పోయినా ఇవే. మా మొగోళ్లు సగం మంది రొయ్యల గుంటల్లో కూలికి పోతన్నారు."

నేను కుండ మూత తీసి, ఒక సొరపిల్లను ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. బొటనవేలితో తోక నుంచి తల వైపు రుద్దింది. తోలు గరుకు వేలికి తగలగానే ఆమె మొహం మారిపోయింది. "పాలసొర," అంది. "పాలసొర పిల్ల. ఇది నీకు యాడిదమ్మా?"

చెప్పాను. కొండల అవతల, వానల్లేని ఊళ్లో, మా జేజి బూడిదలో దాచిందని. ఆదెమ్మ నెత్తళ్లు వదిలేసి, ఇసుకలో చతికిలబడింది. "మా అమ్మ మా అందరి కాన్పులకూ ఇదే వండింది. పోయిన నెల నా మనవరాలికి కాన్పయింది. ఊరంతా అడిగినా, పక్క ఊళ్లలో అడిగినా, ఒక్క ముక్క పుట్టలా," అంది. దాన్ని చేతిలోనే పట్టుకుని, కొంచెం మొహమాటంగా అడిగింది. "నాకు ఒకటి ఇస్తావా?"

సరళ గబుక్కున మాట అందుకుంది. "తినడానికి పనికిరాదవ్వా, శానా ఏండ్లదది."

"తినడానికి కాదమ్మా. మా పిలకాయలకు చూపిద్దామని. ఇట్టాంటిది మన నీళ్లలో ఉండేదంటే నమ్మరు వాళ్లు. ఒకటి చాలు."

సముద్రమోళ్లు అడిగారు. చెప్పవలసిన మనిషి లేదు.

"ఒకటి ఇయ్యకూడదు," అన్నాను. ఆదెమ్మ చేతిలోనిది తిరిగి ఇయ్యబోయింది. "జత విడదీయకూడదు. కొంగు పట్టమ్మా."

ఆమెకు అర్థం కాలేదు గానీ, లేచి నిలబడి కొంగు పట్టింది. కుండను రెండు చేతులతో ఎత్తి వంచాను. బూడిద, వేపాకు, రెండో సొరపిల్ల ఆమె ఒడిలో పడ్డాయి. గాలికి కొంత బూడిద లేచి నా చీర మీద, సరళ జుట్టు మీద పడింది.

"పండినప్పుడు మాకూ చెప్పి పంపమ్మా," అన్నాను. ముప్ఫై ఏళ్లు సైన్సు చెప్పినదాన్ని.

ఆమె నా మొహంలోకి చూసింది, ఎగతాళి చేస్తున్నానేమోనని కాబోలు. తర్వాత చేతిలో ఉన్నదాన్ని కూడా రెండోదాని పక్కన పడుకోబెట్టి, మీద బూడిద కప్పి, కొంగు ముడేసుకుంది. "పంపిస్తాలే తల్లీ," అంది.